చేను కాపలాకు ఊరకుక్క

దమ్మపేట: మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళకు అడవి పందులు దిగుతాయి. అడవి అంచున చేనున్న రైతులకు ఈ బాధ కొత్త కాదు. లేత పామాయిల్ మొక్కను కూడా పెకలించి మొవ్వు తినేస్తాయి. వాటికని కరెంటు తీగ పెడితే రాత్రిపూట నీళ్లు కట్టబోయిన మనిషే బలవుతున్నాడు. అది నేరం కూడా. మంచె మీద మనిషి, కింద ఒక మంచి కుక్క - పాత పద్ధతే, ఖర్చు తక్కువ.

మరి కుక్క ఎక్కడిది? పట్నాల్లో వేలు పోసి సీమకుక్కను కొంటారు. జబ్బు పడగానే కారులో తెచ్చి ఊరవతల దింపి పోయేవాళ్లున్నారు. పెంచిన జంతువును అలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరమని వాళ్లకు తెలియదో, తెలిసినా లెక్కలేదో! అమెరికా, ఇంగ్లండులలో ఇటువంటి కుక్కల కోసం జాతికో సంఘం ఉంటుంది. ఆ జాతి గుణం ఎరిగినవాళ్లే తెచ్చి, వైద్యం చేయించి, కొన్నాళ్లు తమ ఇంట్లో ఉంచుకుని తీరు చూస్తారు. ఆ తర్వాతే తగిన ఇంటికి ఇస్తారు. అడిగిన ప్రతివాడికీ ఇవ్వరు. హైదరాబాదులో అక్కినేని అమల 1992లో ప్రారంభించిన బ్లూక్రాస్ అయితే జాతి చూడకుండా ఊరకుక్కలనూ చేరదీస్తోంది.

మన తెలుగు నేలకూ ఒక జాతి ఉంది. అదే జోనంగి. కొల్లేరు చుట్టుపక్కల బాతులు మేపేవాళ్లు పెంచేవారు. పొట్టి వెంట్రుకలు, నున్నటి ఒళ్లు. అన్ని కుక్కల్లా మొరగదు, సాగదీసి ఒక రకంగా కూస్తుంది. కొల్లేటిలో చేపల చెరువులు పెరిగి బాతుల మేపు తగ్గాక దానికి పని పోయింది. పని పోయిన జంతువు గతి ఏమవుతుందో ట్రాక్టర్లు వచ్చాక ఎడ్ల విషయంలో చూశాం కదా! కర్ణాటకవాళ్లు తమ ముధోల్ కుక్కకు పరిశోధన కేంద్రమే పెట్టుకున్నారు.

అయితే కాపలాకు జాతికుక్కే కావాలని లేదు. మన ఎండకు తట్టుకునేది, పెట్టింది తినేది ఊరకుక్కే. ఒత్తు బొచ్చు కుక్కలు మే నెలలో వగరుస్తూ కూలబడతాయి.

పిల్లను తెచ్చుకునేట్టయితే రెండు నెలలు నిండేదాకా తల్లి దగ్గరే ఉండనివ్వాలి. పెద్ద కుక్కయితే పది రోజులు ఒకే వేళకు, ఒకేచోట అన్నం పెట్టి మచ్చిక చేసుకోవాలి. చొంగ కారుస్తూ, మింగలేక, కర్రనూ రాయినీ కొరుకుతుంటే మాత్రం దగ్గరకు పోకుండా పశువైద్య సిబ్బందికి చెప్పాలి. పిచ్చికుక్క వ్యాధి టీకా పిల్లకు మూడో నెలలో, పెద్దదానికి తెచ్చిన వెంటనే వేయించాలి. ఆ తర్వాత డాక్టరు చెప్పినట్టు ఏటా వేయిస్తుండాలి. ఎవరినైనా కరిస్తే గాయాన్ని ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పావుగంట కడగాలి. అదే రోజు ఆసుపత్రికి పోయి సూది మొదలుపెట్టాలి, మధ్యలో ఆపకూడదు. పసరు, కారం, సున్నం పెట్టి కూర్చుంటే ప్రాణం పోతుంది. ఈ రోగం ముదిరాక మందు లేదు.

గోమార్లు పట్టాయని పత్తికి కొట్టే పురుగుమందు కుక్క ఒంటికి పూసే అలవాటు కొందరికి ఉంది. ఒళ్లు నాక్కుని కుక్క చస్తుంది, పూసిన చేతికీ ప్రమాదమే. దానికి వేరే మందు పశువైద్యశాలలో అడగాలి. ఎలుకల మందు పెట్టిన పొలంలో చచ్చిన ఎలుకలను ఏరి పూడ్చాలి. గొర్రెలు, మేకలు ఉన్నవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. కోసిన జీవం తలకాయ, నీటి బుడగలున్న కాలేయం కుక్కకు పచ్చిగా వేయరాదు. బద్దె పురుగులు కుక్క కడుపులో పెరిగి, పేడ ద్వారా గుడ్లు మేతలో పడి, మళ్లీ మందకే అంటుకుంటాయి. ఒక రకం మనుషులకూ వస్తుంది. నట్టల మందు క్రమం తప్పకుండా తాగించాలి.

పందుల గుంపు మీదికి ఒంటికుక్కను ఉసిగొల్పితే పొట్ట చీల్చేస్తాయి. కుక్క పని అరవడం, తరమడం మనిషి పని. అడవిలోకి వెంట తీసుకుపోకూడదు. కుక్కతో వేట 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

ఆడకుక్కను తెచ్చుకోవడానికి చాలామంది వెనకాడతారు. నిజానికి కాపలాకు అదేమీ తీసిపోదు. ఈతల బాధే అయితే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించొచ్చు. ఎక్కడ చేస్తారో మండల పశువైద్యుడిని అడగాలి. పది రోజులు కుట్లు నాకకుండా, బురదలో పొర్లకుండా చూడాలి కాబట్టి నాట్ల రోజుల్లో కాకుండా పనులు తెమిలాక ఎండాకాలంలో పెట్టుకుంటే మేలు.