ఆన్‌లైన్ ఫ్రీలాన్స్ వేదికలలో న్యాయబద్ధత

ఒక సంస్థలో ఉద్యోగిగా చేరక, ఏ పనికి ఆ పనిగా ఒప్పందం కుదుర్చుకొని పనిచేసేవారిని ఫ్రీలాన్సర్లు అంటారు. ప్రోగ్రామర్లు, వెబ్‌సైటు రూపకర్తలు, డేటా విశ్లేషకులు మొదలైన సాంకేతిక నిపుణులను, వారితో పని చేయించుకొనే క్లయింట్లను అంతర్జాలం ద్వారా కలిపే సంస్థలను ఆన్‌లైన్ ఫ్రీలాన్స్ వేదికలు అంటారు. అప్‌వర్క్, ఫైవర్, ఫ్రీలాన్సర్.కామ్ వీటిలో ప్రసిద్ధమైనవి. 2001లో మొదలైన రెంట్ఎకోడర్ తొలి వేదికలలో ఒకటి. ఈలాన్స్, ఓడెస్క్ సంస్థల విలీనం 2013లో ప్రకటింపబడినది. విలీన సంస్థ 2015లో అప్‌వర్క్ అను పేరు పెట్టుకొన్నది.

గుంటూరు మిర్చి యార్డులో సరుకును చేతిలోకి తీసుకొని చూసి బేరమాడవచ్చును. ఇక్కడ విజయవాడలోని ప్రోగ్రామరు, అమెరికాలోని క్లయింటు ఒకరినొకరు ఎన్నడూ చూసి ఉండరు. నమ్మకమంతా వేదిక వ్రాసిన నియమాల మీదనే ఆధారపడుతుంది. ఆ నియమాలు వ్రాసే సంస్థయే కమీషను కూడా తీసుకొంటుంది. న్యాయబద్ధతను గురించిన చర్చకు ఇదే మూలం.

రుసుములు

ఓడెస్క్ అన్ని పనులపై ఒకే విధంగా 10 శాతం తీసుకొనేది. 2016లో అప్‌వర్క్ ఈ పద్ధతిని మార్చి, ఒక్కొక్క క్లయింటు నుండి వచ్చే మొదటి 500 డాలర్లపై 20 శాతం, అక్కడి నుండి 10,000 డాలర్ల వరకు 10 శాతం, ఆపై 5 శాతంగా నిర్ణయించింది. ఒకే క్లయింటు వద్ద 5,000 డాలర్లు సంపాదించిన వ్యక్తి 550 డాలర్లు చెల్లించగా, పదిమంది క్లయింట్ల వద్ద 500 చొప్పున అంతే సంపాదించిన వ్యక్తి 1,000 డాలర్లు చెల్లించవలసి వచ్చేది. చిన్న పనులతో ప్రారంభించే కొత్తవారిపైనే భారం ఎక్కువగా పడిందన్నమాట. 2023లో మరల అందరికీ 10 శాతం చేశారు. 2025 మే నుండి కొత్త ఒప్పందాలకు 0 నుండి 15 శాతం వరకు మారే రుసుము వచ్చింది. ఫైవర్‌లో పనిచేసేవారి నుండి 20 శాతం తీసుకొంటారు.

పని దొరకక ముందే అయ్యే ఖర్చు వేరు. అప్‌వర్క్‌లో దరఖాస్తు చేయుటకు "కనెక్ట్‌లు" అనే టోకెన్లు కావాలి. 2019 నుండి వీటిని ఒక్కొక్కటి 15 సెంట్ల చొప్పున కొనవలసి ఉన్నది. క్లయింటు వేరొకరిని ఎంపిక చేసినచో ఆ సొమ్ము తిరిగి రాదు. అర్థం లేని దరఖాస్తుల వెల్లువను ఇది కొంత అరికడుతుందనుట నిజమే. కాని నష్టపోయేది ఎక్కువగా ఇంకా ఒక్క పనీ దొరకనివారే.

కొత్తవారి చిక్కు, రేటింగులు

పని చేస్తేనే రేటింగు వస్తుంది, రేటింగు ఉంటేనే పని ఇస్తారు. ఈ చిక్కుముడిని ఆర్థిక శాస్త్రవేత్త అమాండా పల్లైస్ ఓడెస్క్‌లో ప్రయోగపూర్వకంగా పరిశీలించారు. డేటా ఎంట్రీ పనికి దరఖాస్తు చేసిన వారిలో 952 మందిని యాదృచ్ఛికంగా ఎంపిక చేసి, పని చేయించి, వారిపై అభిప్రాయాలు నమోదు చేశారు. 2014లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, ఆ ఒక్క అవకాశం వలన వారికి తరువాతి కాలంలో పనులు, సంపాదన రెండూ పెరిగాయి. ప్రతిభ ఉండి కూడా తొలి అవకాశం దొరకక ఎందరో వెనుకబడుతున్నారని దీనినిబట్టి తెలుస్తుంది. కొత్తవారికై చిన్న పరీక్షాపనులను, డబ్బు చెల్లించి, వేదికలే ఏర్పాటు చేయుట దీనికి ఒక పరిష్కారం.

రేటింగుల విషయంలో మరొక సమస్య ఉన్నది. ప్రతీకారానికి జంకి అందరూ అందరికీ ఐదు నక్షత్రాలు ఇస్తే ఆ నక్షత్రాలకు విలువ ఉండదు. అందువలన ఇరువురి అభిప్రాయాలను, ఇద్దరూ వ్రాసిన తరువాతనే లేదా గడువు ముగిసిన పిమ్మటనే, ఒకేసారి వెల్లడిస్తారు. ఇది మంచి పద్ధతి. అయితే అప్‌వర్క్‌లో క్లయింటు రహస్యంగా ఇచ్చే అభిప్రాయం కూడా స్కోరులో కలుస్తుంది. ఎవరు ఏమి వ్రాశారో పనిచేసిన వ్యక్తికి కనబడదు. తెలియని అభియోగానికి సమాధానం ఎవరూ చెప్పుకోలేరు.

ఏళ్ళ తరబడి కూడబెట్టిన రేటింగును వేరొక వేదికకు తీసుకొనిపోవుట సాధారణంగా సాధ్యం కాదు. ఖాతా మూసివేస్తే పేరు, జీవనోపాధి ఒకేసారి పోతాయి.

చెల్లింపులు, వివాదాలు

నిర్ణీత ధర పనులకు క్లయింటు సొమ్మును ముందుగానే ఎస్క్రోలో, అనగా ఇరుపక్షాలకూ చెందని ఖాతాలో, జమ చేస్తాడు. అప్‌వర్క్‌లో పని అప్పగించిన 14 రోజులలో క్లయింటు స్పందించనిచో సొమ్ము దానంతట అదే విడుదలవుతుంది. గంటల లెక్కన చేసే పనులకు సుమారు పది నిమిషాలకొకసారి కంప్యూటరు తెర చిత్రం తీయబడుతుంది. చెల్లింపు హామీ దీనితో ముడిపడి ఉన్నది. ప్రోగ్రామరు కాగితం మీద గీసుకొని ఆలోచించిన అరగంట ఆ చిత్రాలలో ఖాళీగానే కనబడుతుంది.

క్లయింట్లకు కూడా న్యాయం కావాలి. ఒకరి ఖాతాతో వేరొకరు పనిచేయుట, ఇంటర్వ్యూకు ఒకరు హాజరై పని మరొకరికి అప్పగించుట వంటి మోసాలున్నాయి. గుర్తింపు తనిఖీ కట్టుదిట్టం చేయుట ఇందుకే అవసరం. వివాదం తీర్చేవారికి సాంకేతిక పరిజ్ఞానం ఉండుట అంతకన్న ముఖ్యం. ప్రోగ్రాము పనిచేయుచున్నదో లేదో నడిపి చూడకుండా తీర్పు చెప్పలేము గదా.

చట్టాలు

న్యూయార్క్ నగరంలో 2017లో అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం 800 డాలర్లు, అంతకు మించిన పనులకు లిఖిత ఒప్పందం ఉండవలెను. గడువు వ్రాసుకోనిచో పని పూర్తయిన 30 రోజులలో సొమ్ము చెల్లించవలెను. ఐరోపా సమాఖ్యలో 2020 జులై నుండి అమలైన నిబంధనలు వేదికలపై వ్యాపారం చేసేవారికి వర్తిస్తాయి. వాటి ప్రకారం ఖాతా శాశ్వతంగా మూసివేయుటకు కనీసం 30 రోజుల ముందు, కొన్ని మినహాయింపులతో, కారణాలు తెలుపవలెను. వరుసక్రమం దేనినిబట్టి నిర్ణయిస్తారో కూడా వెల్లడించవలెను.

భారతదేశంలో సామాజిక భద్రతా స్మృతి, 2020 వేదికల ద్వారా పనిచేసేవారిని మొదటిసారిగా నిర్వచించింది. ఇది 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. వేదికలు తమ వార్షిక టర్నోవరులో 1 నుండి 2 శాతం వరకు సంక్షేమ నిధికి జమ చేయవలెనని ఇందులో ఉన్నది. దీని జాబితాలో వృత్తిపర సేవల వేదికలను కూడా చేర్చారు. అయితే ఇది సంక్షేమానికి సంబంధించిన చట్టమే. కమీషను ఎంత ఉండవచ్చును, రేటింగు ఎట్లా లెక్కించవలెను అన్న విషయాలు దీని పరిధిలో లేవు.