పాత బియ్యానికి ఉన్న గిరాకీ బియ్యపు మద్యానికి ఉండదు
జపాన్ 'సాకే' మారు బేరంలో లాభనష్టాల లెక్క

కల్వకుర్తి: పంట చేతికి వచ్చిన రోజున ధర గిట్టుబాటు కాకపోతే సరుకును నిలవ వేసి, ధర పెరిగాక అమ్ముకోవడం ఈ మార్కెట్‌కు కొత్త కాదు. వేరుశనగ అయినా, పత్తి అయినా స్థోమత ఉన్న రైతు, వర్తకుడు చేసే పని అదే. బియ్యం విషయంలో నిలవకు మరింత విలువ ఉంది. కొత్త బియ్యం వండితే అన్నం ముద్దవుతుంది. ఏడాది మాగిన పాత బియ్యం పొడిపొడిగా ఉడికి, ఒదుగు ఇస్తుంది. అందుకే పాత బియ్యానికి క్వింటాలుపై అదనపు ధర పలుకుతుంది.

ఇదే సూత్రాన్ని బియ్యంతో తయారయ్యే జపాన్ మద్యం 'సాకే'కు వర్తింపజేసుకున్నవారు నష్టపోయే అవకాశం ఎక్కువ. జపాన్‌లో ఉద్యోగాలు చేసే తెలుగువారు పెరిగిన ఈ రోజులలో, సెలవుకు వచ్చేవారి పెట్టెలో ఇటువంటి సీసా ఒకటి ఊరు చేరడం వింత కాదు. అదే సీసాకు ఇంటర్నెట్‌లో అసలు ధరకు ఎన్నో రెట్లు కనిపించినపుడు, దాచి అమ్మితే బాగుంటుందన్న ఆలోచన రావడమూ సహజమే. అయితే ఈ సరుకు నడక వేరు. నిలవ ఉన్నకొద్దీ చాలా రకాల విలువ తగ్గుతుంది. పైగా మన రాష్ట్రంలో దానిని లైసెన్సు లేకుండా అమ్మడం నేరం.

సరుకు ఎటువంటిది?

సాకే తయారీకి కావలసినవి బియ్యం, నీరు, 'కోజి' అనే బూజు, ఈస్టు. కోజి బియ్యంలోని పిండిని చక్కెరగా మారుస్తుంటే, అదే తొట్టిలో ఈస్టు ఆ చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. ఇది సారాలాగా బట్టీ పెట్టి దించేది కాదు; కల్లు, బీరులాగా పులిసేది. సీసాలో ఆల్కహాలు సాధారణంగా 15, 16 శాతం ఉంటుంది. ఈ తయారీ విద్యకు 2024 డిసెంబరులో యునెస్కో వారసత్వ జాబితాలో చోటు లభించింది.

రకం నిర్ణయించేది ముఖ్యంగా బియ్యపు పాలిష్. మన వద్ద ప్రభుత్వ సేకరణలో క్వింటాలు ధాన్యానికి 67 కిలోల పచ్చి బియ్యం రావాలని లెక్క. సాకేకు పొట్టు మాత్రమే తీసిన బియ్యాన్ని తీసుకుని మళ్లీ అరగదీస్తారు. ఆ బియ్యం 100 కిలోలకు 60 కిలోలు లేదా అంతకన్నా తక్కువ మిగిలితే 'గింజో', 50 కిలోలు లేదా అంతకన్నా తక్కువ మిగిలితే 'దైగింజో'. 'దస్సాయ్' అనే ప్రసిద్ధ మార్కులో ఒక రకానికి 23 కిలోలే మిగులుతాయి. ఖర్చు పెరగడానికి ఇది కారణం. అయినా మంచి దైగింజో సీసాలు అనేకం జపాన్ దుకాణాలలో కొన్ని వేల యెన్లకే దొరుకుతాయి. మారు బేరంలో వినిపించే భారీ ధరలకు మూలం వేరే ఉంది.

పర్మిటు సిమెంటు వంటి బేరం

యమగాట రాష్ట్రంలోని మురయమ పట్టణంలో 1615 నుంచి ఉన్న తకగి కుటుంబపు కార్ఖానా 'జూయోన్‌దై' అనే మార్కు తీస్తుంది. అకిట నగరంలో 1852లో మొదలైన 'అరమస' మరొకటి. ఇటువంటి కార్ఖానాలు ఉత్పత్తిని అమాంతం పెంచవు. తమతో ఒప్పందం ఉన్న దుకాణాలకే సరుకు పంపుతాయి. ఆ దుకాణాలు అసలు ధరకే అమ్ముతాయి. కాని పాత ఖాతాదారులకో, లాటరీలో పేరు వచ్చినవారికో మాత్రమే ఇస్తాయి.

1982కు ముందు సిమెంటు పూర్తిగా కంట్రోలులో ఉన్న రోజులు పెద్దవారికి జ్ఞాపకమే. పర్మిటు దొరికినవాడికి ఒక ధర, దొరకనివాడికి మరొక ధర. సాకే మారు బేరం కూడా దాదాపు అటువంటిదే. తేడా ఏమిటంటే ఇక్కడ కంట్రోలు పెట్టింది ప్రభుత్వం కాదు, తయారీదారే. కనుక లాభమంతా అసలు ధరకు సీసా చేజిక్కించుకోవడంలో ఉంది. బయటి ధరకు కొని, ఇంకా పెరుగుతుందని దాచేవాడికి ఆ లాభం లేదు.

తయారీదారులకు కూడా ఈ బేరం ఇష్టం లేదు. యమగుచి రాష్ట్రంలో దస్సాయ్ తయారు చేసే, అప్పట్లో అసహి షుజో అనే పేరున్న సంస్థ 2017 డిసెంబరులో యోమియురి దినపత్రికలో పూర్తి పేజీ ప్రకటన ఇచ్చింది. దయచేసి ఎక్కువ ధర పెట్టి కొనవద్దని కొనుగోలుదారులను కోరింది. అసలు ధరకు అమ్మే సుమారు 630 దుకాణాల పేర్లను కూడా అచ్చు వేయించింది. చేతులు మారిన సీసా ఎక్కడ, ఎంత వేడిలో ఉండి వచ్చిందో కొనేవాడికి తెలియదు. సరుకు చెడితే మాట పడేది తయారీదారే.

కల్లు చెప్పే పాఠం

ఈ ప్రాంతంలో తాటి కల్లు, ఈత కల్లు సంగతి తెలియనివారు లేరు. ఉదయం దించిన కల్లు సాయంత్రానికి పులుపెక్కుతుంది. మరునాడు దానికి ధర లేదు. సాకే అంత త్వరగా చెడదు. చాలా రకాలను సుమారు 65 డిగ్రీల వరకు వేడి చేసి సీసాలో పోస్తారు. అలా వేడి చేయని 'నామ' రకం మాత్రం ఎల్లప్పుడూ చల్లని పెట్టెలో ఉండవలసిందే.

వేడి చేసిన రకమైనా ఎండ, వేడి తగిలితే రంగు పసుపుగా మారి, ముక్కవాసన వంటి వాసన వస్తుంది. సీసాపై తయారీ నెల, సంవత్సరం ఉంటే అనుభవం ఉన్న కొనుగోలుదారు మొదట చూసేది దానినే. ఏడాది దాటిన గింజోకు బేరం తగ్గుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే కల్వకుర్తిలో బీరువాలో దాచిన సీసా సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

విస్కీతో పోల్చడం వల్లనే చాలామంది పొరపాటు పడుతున్నారు. 2020 ఆగస్టులో హాంకాంగ్‌లో 55 ఏళ్ల 'యమజాకి' జపాన్ విస్కీ సీసా ఒకటి 62 లక్షల హాంకాంగ్ డాలర్లకు వేలంలో అమ్ముడుపోయింది. విస్కీలో ఆల్కహాలు 40 శాతం, ఆపైన ఉంటుంది కనుక మూత తీయని సీసా దశాబ్దాలు నిలుస్తుంది. సాకేలో 'కోషు' అనే మాగబెట్టిన రకం లేకపోలేదు. కాని దానిని మాగబెట్టేది తయారీదారు, తన కార్ఖానాలో, అందుకు తగిన సరుకుతో. మామూలు దైగింజోను ఇంట్లో మూడేళ్లు ఉంచినంత మాత్రాన అది ఆ కోవలో చేరదు.

అడిగిన ధర, తెగిన ధర

ఒక ఉదాహరణ చూడవచ్చు. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలే కాని మార్కెట్ రేట్లు కావు. అసలు ధర 5,000 యెన్లు ఉన్న సీసాకు ఇంటర్నెట్‌లో 20,000 యెన్లు అడుగుతున్నారనుకుందాం. అది అమ్మేవాడు అడిగిన ధర. బేరం 16,000 వద్ద తెగితే, అమ్మకపు వేదిక రుసుము నూటికి పది చొప్పున 1,600, రవాణాకు 1,400 పోను చేతికి వచ్చేది 13,000. లాటరీలో 5,000కు కొన్నవాడికి 8,000 యెన్ల లాభం. అదే సీసాను 16,000కు కొని ఏడాది దాచినవాడికి, ధర తగ్గకపోయినా 3,000 యెన్ల నష్టం. ధర తగ్గితే నష్టం ఇంకా పెరుగుతుంది.

నకిలీల బెడద కూడా ఉంది. పేరున్న మార్కుల ఖాళీ సీసాలకు సైతం కొనేవారున్నారంటే జాగ్రత్త ఎంత అవసరమో గ్రహించవచ్చు.

చట్టం ఏమంటుంది?

జపాన్‌లో తాను తాగడానికి కొన్నదో, బహుమతిగా వచ్చినదో అవసరం లేక అమ్ముకుంటే లైసెన్సు అక్కరలేదు. పదే పదే వ్యాపారంగా అమ్మితే మాత్రం 1953 నాటి మద్యం పన్ను చట్టం కింద లైసెన్సు తీసుకోవాలి.

తెలంగాణలో ఇటువంటి వెసులుబాటు లేదు. 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే ఏ మద్యమూ అమ్మరాదు. అది ఒక్క సీసా అయినా, పరిచయస్థుడికైనా అంతే. ఉల్లంఘిస్తే జైలు, జరిమానా రెండూ ఉన్నాయి. విదేశం నుంచి వచ్చే ప్రయాణికుడు సుంకం లేకుండా తెచ్చుకోగల మద్యం బ్యాగేజీ నిబంధనలలో 2 లీటర్లు. 1,800 మిల్లీలీటర్ల పెద్ద సాకే సీసా ఒకటి అందులో ఇముడుతుంది. కాని ఆ వెసులుబాటు సొంత వాడకానికే గాని వ్యాపారానికి కాదు.

కనుక ఇటువంటి సీసా చేతికి వచ్చినవారు చేయదగినది ఒకటే. తయారీ నెల చూసుకుని, ఎండ తగలకుండా ఫ్రిజ్‌లో నిలువుగా ఉంచి, తాగే అలవాటు ఉన్నవారు ఏడాదిలోపు వాడుకోవడం మేలు. మూత తీశాక వారం, పది రోజులలో ముగించాలి. నిలవ వేసి లాభం చూడదలచినవారికి పాత బియ్యమే నమ్మదగిన సరుకు.