మరల మరల వెలుగు దీపము

మోటారుకారు నడుపువారి యెదుట, వేగము చూపు పలకమీద, ఇంజను బొమ్మగల చిన్న పసుపురంగు దీపమొకటి కలదు. తాళము త్రిప్పగానే వెలిగి, ఇంజను నడక సాగగానే ఆరిపోవుట దాని ధర్మము. ఆరక నిలిచినను, త్రోవలో వెలిగినను, కారులోని కంప్యూటరునకు ఏదియో లోపము కనబడినదని యర్థము. ఏ భాగము చెడినదో మాత్రము ఆ దీపము చెప్పదు. ఈ భేదము మాకు బోధపడుటకు మూడు నెలల కాలమును, కొంత ధనమును వ్యయమైనవి.

లీటరు పెట్రోలుకు 17 కిలోమీటర్లు నడచుచుండిన మా కారు క్రమముగా 14కు దిగినది. ఆ దినములలోనే దీపమును వెలిగినది. మెకానిక్కు షెడ్డులో ఒక యువకుడు స్టీరింగు క్రిందనున్న సాకెట్టుకు స్కానరు తగిల్చి 'పి 0171' అను సంకేతమును చదివెను. అమెరికాలో 1996 నుండి క్రొత్తకార్లకు తప్పనిసరియైన ఈ సంకేతపద్ధతి తరువాత మన దేశమునకును వచ్చినది. 0171 అనగా గాలి యెక్కువై పెట్రోలు తక్కువైనదని తాత్పర్యము. ఆక్సిజన్ సెన్సారు పోయినదని చెప్పి, క్రొత్తది బిగించి, సంకేతమును చెరిపివేసెను. దీపమారినది. పది దినములకు మరల వెలిగినది. ఇంజెక్టర్లను శుభ్రపరచి మరల చెరిపిరి, మరల వెలిగినది.

మమ్ము కలవరపెట్టిన సంగతి వేరొకటి. పెట్రోలు చాలుట లేదని కంప్యూటరు మొరపెట్టుకొనుచుండగా, మాకు పెట్రోలు ఖర్చు పెరుగుటేమి?

ఒక పాలు పెట్రోలు సరిగా మండుటకు తూకమున 14.7 పాళ్లు గాలి కావలెను. కార్బురేటరు కాలమున ఈ పాళ్లను మేస్త్రి స్క్రూ త్రిప్పి, చెవితో విని కుదుర్చుచుండెడివాడు. ఇప్పుడు ఆ పనిలో సగము ఆక్సిజన్ సెన్సారుది. అది పొగగొట్టములో నుండి, మండిన వాయువులో మిగిలిన ప్రాణవాయువును క్షణక్షణము పరీక్షించి కంప్యూటరునకు కబురంపును. ప్రాణవాయువు మిగిలినచో పెట్రోలు తక్కువైనదని తలచి కంప్యూటరు ఇంజెక్టరును మరికొంత తడవు తెరచియుంచును. సెన్సారు చూచునది ప్రాణవాయువునే గాని పెట్రోలును కాదు. ఆ ప్రాణవాయువు ఇంజనులో మిగిలినది కాక, బయటిగాలితో పొగగొట్టములో చొరబడినదైనచో? సెన్సారు నిజమే చెప్పును, కంప్యూటరు దానిని అపార్థము చేసికొనును, చాలినంత పెట్రోలుండగనే ఇంకను పోయుచుండును.

ఈ దిద్దుబాటును స్కానరు 'ఫ్యూయల్ ట్రిమ్' అను పేర అంకెలలో చూపును. అది సున్నకు దగ్గరగా నుండవలెను. నూటికి 10 దాటినచో అనుమానింపవచ్చును. మా కారులో 20 దాటియున్నది. ఆ అంకెను ఎవరును చూడనే లేదు. సంకేతము చెరిపినప్పుడు కంప్యూటరు సాధారణముగా తాను నేర్చిన దిద్దుబాటును మరచి, మొదటినుండి నేర్చుకొనును. పైగా పెక్కు లోపములను వరుసగా రెండు ప్రయాణములలో చూచినగాని దీపమును వెలిగింపదు. ఆ గడువునే మేము నయమైనదని భ్రమించితిమి. లోపము పట్టుబడిన క్షణమున ఇంజను వేడి యెంత, వేగమెంత యను వివరములు కూడ చెరుపుటతో పోవును. కావున ముందు వ్రాసికొని పిమ్మట చెరుపవలెను.

కడకు వయసుమీరిన యొక మేస్త్రి, "బండి ఈ రాత్రికి ఇక్కడే ఉంచండి బాబూ, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు వింటాను" అనెను. తెల్లవారి స్టార్టు చేయగానే టిక్కుటిక్కుమను చప్పుడు వినబడినది. ఇంజను వేడెక్కి లోహము వ్యాకోచించిన కొలది అది అణగిపోయినది. మేము ఎల్లప్పుడును వేడిమీదనే కారును షెడ్డుకు తెచ్చుచుంటిమి గదా! పనికుర్రవాడు సైలెన్సరు మూతివద్ద తడిగుడ్డను కొంచెము అదిమి పట్టగా, మానిఫోల్డు అతుకువద్ద బుస్సుమన్నది. అచ్చట నల్లని మసిచార. గాస్కెట్టు కాలిపోయినది. పొగ ఒక్కొక్క విసురుగా వెడలునప్పుడు, విసురునకు విసురునకు నడుమ ఒత్తిడి తగ్గి, ఆ సందున బయటిగాలి లోపలికి పీల్చబడుచుండెను. గాస్కెట్టు వెల సెన్సారు వెలలో స్వల్పభాగమే.

0171 కనబడినంతనే గాస్కెట్టును మార్పుడని మేమనుట లేదు. గాలిగొట్టము చీలినను, గాలిని కొలుచు సెన్సారు మురికిపట్టినను, పెట్రోలు పంపు నీరసించినను అదే సంకేతము వచ్చును. టైర్లలో గాలి తగ్గినను, బ్రేకు పట్టివేసినను మైలేజి పడిపోవును గాని, వానికి సాధారణముగా ఈ దీపము వెలుగదు.

దీపము నిలుకడగా వెలుగుచుండి, కారు ఎప్పటివలె నడచుచున్నచో నెమ్మదిగా షెడ్డుకు చేరవచ్చును. మిణుకుమిణుకుమన్నచో మాత్రము వెంటనే ప్రక్కకు తీసి ఆపవలెను. సిలిండరులో మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టరులో జేరి మండి, దానిని కరగించివేయగలదు. దాని వెల గృహస్థునకు తేలికైనది కాదు.

ట్యాంకు నిండించి, కిలోమీటర్లు వ్రాసికొని, మరల అదే పంపువద్ద నిండించి లెక్కించితిమి. మొదటిసారి 16, రెండవసారి 17. తీసివేసిన పాత సెన్సారు ఇంకను మా డిక్కీలోనే యున్నది.