క్షయరోగమునకు, ఊపిరితిత్తుల రాచపుండునకు గల సంబంధము

క్షయకు మందులు మ్రింగి, నయమై, మరల నాగలి పట్టిన రైతు పదియేండ్లకు దగ్గుట మొదలిడినచో ఇంటివారు పాత జబ్బే తిరుగబెట్టినదందురు. పెక్కుమారులు అది నిజమే. కాని యొక్కొక్కప్పుడు అది క్షయ గాక ఊపిరితిత్తుల రాచపుండై యుండును. ఈ రెంటికిని గల చుట్టరికమును గూర్చి మన సభ్యులకు కొంత తెలుప దలచితిమి.

ఈ సంశయము నేటిది కాదు. 1810లో ఫ్రెంచి వైద్యుడు బేల్ క్షయను భేదములుగా విభజించుచు, రాచపుండును గూడ అందొక రకముగా లెక్కించెను. 1882 మార్చి 24న బెర్లిను నగరమున రాబర్టు కాక్ క్షయకు కారణమైన సూక్ష్మజీవిని ప్రకటించిన పిదప ఆ గందరగోళము తొలగెను. క్షయ అంటుజబ్బు, రాచపుండు ఒకరి నుండి యొకరికి అంటదు. క్షయ యున్నచోట రాచపుండు పుట్టదని వాదించిన వైద్యులును ఉండిరి గాని ఆ వాదము నిలువలేదు.

1943లో స్ట్రెప్టోమైసిను కనుగొనబడుటకు పూర్వము మదనపల్లె చేరువనున్న ఆరోగ్యవరము వంటి చికిత్సాలయములలో విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన ఆహారము ఇవియే ముఖ్యాధారములు. నాడు పలువురు క్షయతోనే మరణించిరి. నేడు మందుల వలన బ్రతికి, రాచపుండు వచ్చు వయస్సు దాక నుండువారు అనేకులు. కావుననే ఈ ప్రశ్న ఇప్పుడు ముఖ్యమైనది.

పెక్కు దేశములలో రోగులను పరిశీలించి చూడగా, క్షయ వచ్చినవారిలో ఊపిరితిత్తుల రాచపుండు, రానివారిలో కంటె సుమారు ఒకటిన్నర మొదలు రెండు రెట్లు అధికముగా కానవచ్చినది. పొగ త్రాగనివారిలో సయితము ఈ భేదము కనబడుట గమనింపదగినది. క్షయ మానినచోట మచ్చ మిగులును. ఏండ్ల తరబడి వాపు నిలిచినచో అచ్చటి కణములు మాటిమాటికి చచ్చి పుట్టుచుండును. అందు తప్పు దొరలి, హద్దు మీరి పెరుగు కణము తలయెత్తవచ్చునని శాస్త్రజ్ఞుల యూహ. రాచపుండు దేహమును క్షీణింపజేసి, నిద్రించుచున్న క్షయక్రిమిని మేల్కొల్పుటయు కలదు. కావున ఏది ముందు, ఏది వెనుక యని తేల్చుట సులభము కాదు. లెక్కలు చూచి బెదరవలదు; క్షయ నయమైనవారిలో అత్యధికులకు ఈ పుండు రానేరాదు.

పొగాకు మాత్రము రెండు జబ్బులకును తోడ్పడును. 1950లో ఇంగ్లండున డాల్, హిల్ అనువారు పొగ త్రాగుటకును ఊపిరితిత్తుల రాచపుండునకును గల సంబంధమును చూపిరి. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరమున స్త్రీలు పీల్చు అడ్డపొగ వలన అంగిలిలో పుండు పుట్టుట వైద్యులెరిగినదే. పొగాకు పండించు సభ్యులు మాపై నలుగుదురేమో! అయినను చెప్పక తప్పదు.

అసలైన నష్టము పోలిక వలన కలుగుచున్నది. దగ్గు, తెమడలో నెత్తురు, చిక్కిపోవుట రెంటికిని సమానము. ఎక్స్‌రేలో నీడయు ఒక్కరీతినే యుండవచ్చును. తెమడలో క్రిమి కనబడకున్నను క్షయ మందులతో నెలలు గడపి, తుదకు పుండని తెలిసినప్పుడు శస్త్రచికిత్సకు అదను దాటిపోవును. ఆలోపల పొలము తాకట్టు పడును.

కావున రెండు వారములు దాటిన దగ్గునకు సర్కారు ఆసుపత్రిలో తెమడ పరీక్ష చేయించుకొనుడు. దానికి సొమ్ము చెల్లింపనక్కరలేదు. క్షయ యని తేలినచో వైద్యుడు చెప్పినన్ని నెలలు, సాధారణముగా ఆరు నెలలు, మందులు విడువరాదు. ఆహారమునకై ప్రభుత్వమిచ్చు నెలసరి సాయమును 2024 నవంబరు నుండి 500 రూపాయలకు బదులు 1000 రూపాయలు చేసిరి. క్రిమి కనబడక, మందులకు గుణమీయక, గొంతు బొంగురుపోయినను, రొమ్మునొప్పి విడువకున్నను, సి.టి. పరీక్షయు, నీడ యున్నచోటి నుండి ముక్క తీసి చూచు పరీక్షయు అవసరమా యని వైద్యుని అడుగుడు. అట్లడుగుట అవిధేయత కాదు.

క్షయ నయమైననాటి ఎక్స్‌రే ఫిలిమును పట్టాకాగితములతో పాటు పెట్టెలో భద్రపరచుడు. పాతమచ్చ ఏండ్లు గడచినను మారకున్నదా, పెరుగుచున్నదా యని వైద్యుడు పోల్చి చూచుటకు అదియే ఆధారము.