ఘాట్ రోడ్డు కోతి: కొన్ని అపోహలు, వాస్తవాలు

తిరుమల కొండమీదా, నల్లమలలోనూ కనిపించే కోతి దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా ఉండదు. శాస్త్రనామం మాకాకా రేడియాటా. బానెట్ మకాక్ అని కూడా అంటారు. ఎప్పుడూ కళ్లముందే ఉన్నా దాన్ని మనం సరిగ్గా అర్థం చేసుకోలేదు.

అపోహ: కోతులన్నీ ఒకటే.
వాస్తవం: తోక చూడండి. మన కోతి తోక ఇంచుమించు ఒంటి పొడవంత ఉంటుంది. నడినెత్తిన వెంట్రుకలు సుడి తిరిగి టోపీ పెట్టినట్టుంటాయి. తోక పొట్టిగా, పిరుదులు ఎర్రగా ఉంటే అది ఉత్తరాది రీసస్ కోతి. ఒకప్పుడు ఈ రెంటికీ గోదావరే ఇంచుమించు సరిహద్దు. ఇప్పుడు రీసస్ దక్షిణానికి విస్తరిస్తోంది, మన కోతి చోటు తగ్గుతోంది. నల్లమొహం కొండముచ్చు వేరే వర్గం.

అపోహ: పళ్లికిలించిందంటే నవ్వుతోంది.
వాస్తవం: అది భయం, లొంగుబాటు. నోరు తెరిచి గుచ్చి చూస్తే బెదిరింపు. మనం కళ్లలోకి చూసినా దానికి అదే అర్థం. పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పాలి. కరిస్తే గాయాన్ని సబ్బుతో బాగా కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అపోహ: అరటిపండు పెడితే పుణ్యం.
వాస్తవం: పెట్టేవాళ్ల మనసు మంచిదే, జరిగేది మాత్రం కీడు. అడవిలో దాని తిండి మర్రి, మేడి పండ్లు, చిగుళ్లు, పూలు, గింజలు, పురుగులు. వాటి కోసం పగలంతా తిరుగుతుంది. దొరికిన పండ్లను బుగ్గసంచుల్లో కుక్కుకుని, మరోచోట కూర్చుని నములుతూ గింజలు ఉమ్మేస్తుంది. అలా చెట్ల విత్తనాలు అడవిలో చెదురుతాయి. కారు ఆపి బిస్కెట్లు విసిరితే ఈ తిరుగుడంతా ఆగిపోతుంది. గుంపు రోడ్డు పక్కకు చేరుతుంది, కోతిపిల్లలు చక్రాల కింద పడతాయి. చేతిలో కవరు కనిపిస్తే లాక్కోవడం వాటికి మనం నేర్పిన విద్యే.

అపోహ: ఊళ్లనిండా కోతులే, వాటికేం ముప్పు?
వాస్తవం: మొక్కజొన్న, వేరుశనగ పోగొట్టుకున్న రైతు కోపం న్యాయమైనదే. కానీ తిండి దొరికేచోట గుమిగూడినంత మాత్రాన జాతి క్షేమంగా ఉన్నట్టు కాదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని ముప్పు పొంచి ఉన్న జాతుల్లో చేర్చింది. పట్టి ఇంకో ఊరి దగ్గర వదిలితే బాధ ఆ ఊరికి మారుతుందంతే.

ఘాట్ రోడ్డులో కోతులు కనిపిస్తే బండి ఆపకండి. తినేదేదీ విసరకండి.