మద్రాసు శాసనసభ - నియోజకవర్గాల కథ

ఊరి చెరువుకు గండి పడి ఏళ్ళు గడిచినా పూడ్చేవారు లేకపోతే, ఆ సంగతి శాసనసభలో అడగవలసిన బాధ్యత ఆ ప్రాంతపు సభ్యునిది. ఓటర్లందరూ కలిసి ఒక ప్రతినిధిని ఎన్నుకొనే భూభాగాన్ని నియోజకవర్గం అంటారు. దాని ఎల్లలు ఎక్కడ ఉండాలి? ఆ ఎల్లల లోపల ఉన్నవారిలో ఓటు ఎవరికి ఉండాలి? ఈ రెండు ప్రశ్నలకు ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క సమాధానం లభించింది. పాత మద్రాసు రాష్ట్రం చరిత్ర చూస్తే ఈ విషయం బాగా తెలుస్తుంది. నేడు తమిళనాడు, ఒడిశా, కర్ణాటక రాష్ట్రాలలో ఉన్న తెలుగువారిలో చాలామంది పూర్వులు ఆ రాష్ట్రంలో నివసించినవారే. యానాం ఫ్రెంచివారి ఏలుబడిలోను, సిరొంచ ప్రాంతం మధ్య పరగణాలలోను ఉండడంచేత వాటి కథ వేరు.

ఉత్తరాన గంజాం నుండి దక్షిణాన తిరునల్వేలి వరకు, పడమట మంగుళూరు, మలబారుల వరకు మద్రాసు ప్రెసిడెన్సీ వ్యాపించి ఉండేది. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం, ఒరియా, తుళు భాషలవారు అందులో ఉండేవారు. 1861 చట్టం వల్ల శాసనాలు చేయడానికి గవర్నరు సభలో అదనపు సభ్యులకు చోటు దొరికింది. వారిని ప్రజలు ఎన్నుకోలేదు, గవర్నరే నియమించాడు. ప్రభుత్వాన్ని ప్రశ్న అడిగే హక్కు కూడా వారికి లేదు. ప్రశ్నలు అడగడానికీ, బడ్జెట్టుపై మాట్లాడడానికీ 1892 చట్టం దాకా ఆగవలసి వచ్చింది. 1909 సంస్కరణలతో ఎన్నిక అనే పద్ధతి చట్టంలో స్థిరపడింది. ముస్లిములకు ప్రత్యేక నియోజకవర్గాలు అప్పుడే ఏర్పడ్డాయి.

నియోజకవర్గాల చిత్రం స్పష్టమైనది 1919 చట్టంతోనే. 1920 నవంబరు ఎన్నికలలో 61 నియోజకవర్గాల నుండి 98 మంది శాసనమండలికి ఎన్నికయ్యారు. నియోజకవర్గాలు తక్కువ, సభ్యులు ఎక్కువ కావడానికి కారణం, కొన్నిచోట్ల ఒకే నియోజకవర్గం నుండి ఇద్దరు ముగ్గురిని ఎన్నుకోవడమే. అయితే ఆనాటి విభజన భూమి మీద గీసిన గీత మాత్రమే కాదు, మనుషుల మధ్య గీసిన గీత కూడా. ఒకే వీథిలో ఇరుగుపొరుగున ఉన్న హిందువు, ముస్లిము, క్రైస్తవుడు వేరువేరు నియోజకవర్గాల ఓటర్లు. జమీందారులకు, విశ్వవిద్యాలయానికి, వర్తక సంఘాలకు ప్రత్యేక స్థానాలు ఉండేవి. బ్రాహ్మణేతరుల కోసం 28 స్థానాలు కేటాయించారు. ఇంత పకడ్బందీగా లెక్కలు వేసినా, నాలుగు కోట్లకు పైగా జనాభాలో ఓటు ఉన్నవారు సుమారు పన్నెండున్నర లక్షలు మాత్రమే. శిస్తు కట్టే భూమి గాని, పన్ను కట్టే ఇల్లు గాని లేని కూలీకి ఏ వర్గంలోనూ చోటు లేదు.

ఆ ఎన్నికలలో స్త్రీలకు ఓటు లేదు. 1921లో శాసనమండలి తీర్మానం చేసి స్త్రీలకు ఓటు హక్కు ఇచ్చింది. దేశంలోని రాష్ట్రాలలో ఈ పని మొదట చేసినది మద్రాసే. 1926 ఎన్నికలలో కమలాదేవి చట్టోపాధ్యాయ మంగుళూరు నుండి పోటీచేసి స్వల్ప తేడాతో ఓడిపోయారు. ఆ తరువాత డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి సభ్యురాలిగా నియమితులై, మండలి ఉపాధ్యక్షురాలయ్యారు.

1935 చట్టం 215 స్థానాల శాసనసభను ఏర్పరచింది. అందులో సాధారణ స్థానాలు 146. పూనా ఒడంబడిక ప్రకారం వీటిలోనే 30 స్థానాలు షెడ్యూల్డు కులాలవారికి కేటాయించారు. ముస్లిములకు 28, దేశీయ క్రైస్తవులకు 8, స్త్రీలకు 8, కార్మికులకు 6, భూస్వాములకు 6 స్థానాలు. మిగిలినవి యూరోపియన్లు, ఆంగ్లో ఇండియన్లు, వర్తకులు మొదలైనవారివి. అడవి ప్రాంతాలవారికీ, గిరిజనులకూ కలిపి దక్కినది ఒక్కటంటే ఒక్కటే.

ఈ సభకు ఎన్నికలు జరిగేలోపునే రాష్ట్రపు ఎల్ల మారింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడగా బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, జయపురం ప్రాంతాలు అందులో చేరాయి. అక్కడి తెలుగువారు ఊరు విడిచి కదలలేదు. వారి ప్రతినిధి మాత్రం చెన్నపట్నానికి బదులు కటకానికి వెళ్ళవలసి వచ్చింది.

ఆ బరంపురంలోనే పుట్టినవారు వరాహగిరి వేంకటగిరి. ఆయన 1937 ఎన్నికలలో కాంగ్రెసు తరఫున బొబ్బిలిలో నిలబడ్డారు. ప్రత్యర్థి సామాన్యుడు కాడు. బొబ్బిలి రాజా అప్పటికి కొన్ని సంవత్సరాలుగా మద్రాసు ప్రధానమంత్రి. పైగా ఆయన కోట ఉన్న ఊరు. అయినా గిరిగారే గెలిచారు. ఆ ఎన్నికలలో కాంగ్రెసు 215 స్థానాలకు 159 గెలుచుకొన్నది. గిరిగారు రాజాజీ మంత్రివర్గంలో కార్మిక శాఖ చూశారు.

స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగం ఈ గీతలను చాలావరకు చెరిపివేసింది. మతాన్ని బట్టి వేరు నియోజకవర్గాలు, భూస్వాములకు వేరు స్థానాలు పోయాయి. 21 ఏళ్ళు నిండిన ప్రతివారికీ ఓటు వచ్చింది. (ఆ వయసు 1989లో 18కి తగ్గింది.) 1952 ఎన్నికలలో మద్రాసు శాసనసభకు 375 స్థానాలు, 309 నియోజకవర్గాలు. వీటిలో 66 ద్విసభ్య నియోజకవర్గాలు, అంటే ఇద్దరేసి సభ్యులను పంపేవి. వాటిలో ఒక స్థానం షెడ్యూల్డు కులాలకో తెగలకో కేటాయించినది, రెండవది సాధారణ స్థానం. ఓటరుకు రెండు ఓట్లు. రెండూ ఒకరికే వేయరాదు. రిజర్వుడు అభ్యర్థులలో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి కేటాయించిన స్థానం ఇచ్చి, మిగిలిన అభ్యర్థులందరిలో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి రెండవది ఇచ్చేవారు.

ఈ పద్ధతికి అసలు పరీక్ష 1957లో లోక్‌సభ ఎన్నికలలో ఎదురైంది. అప్పటికి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గంలో రెండు స్థానాలూ గిరిజన అభ్యర్థులే గెలిచారు. కొద్ది ఓట్ల తేడాతో ఓడినవారు, రాజాను ఓడించిన ఆ గిరిగారే! సాధారణ స్థానం గిరిజన అభ్యర్థికి చెందదని ఆయన వాదించగా, సుప్రీంకోర్టు 1959లో ఆ వాదాన్ని తోసిపుచ్చింది. సాధారణ స్థానం అందరిదీ, గిరిజనులది కూడా అన్నది ఆ తీర్పులోని సారం. ద్విసభ్య నియోజకవర్గాలను 1961 చట్టంతో రద్దు చేశారు. గిరిగారు 1969లో రాష్ట్రపతి అయ్యారు.

ఇంతలో రాష్ట్రమే ముక్కలయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. చెన్నపట్నంలో కూర్చున్న ఆంధ్ర సభ్యులు కొత్త శాసనసభకు కర్నూలు వెళ్ళారు. బళ్ళారి జిల్లాలో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు రాగా, మిగిలినవి మైసూరులో కలిశాయి. 1956లో మలబారు, దక్షిణ కన్నడం విడిపోయి కన్యాకుమారి వచ్చి చేరాక మద్రాసు సభలో 205 స్థానాలు మిగిలాయి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా మద్రాసుకు, సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కు మారడంతో ఆ సంఖ్య 206 అయింది. ఆ పెరిగిన ఒక్క స్థానం వెనుక ఎన్నో తెలుగు గ్రామాలు ఉన్నాయి. 1967 ఎన్నికల నాటికి స్థానాలు 234కు పెరిగాయి. 1969లో రాష్ట్రం తమిళనాడుగా పేరు మార్చుకొన్నా ఈ సంఖ్య మారలేదు.

సంఖ్య మారకపోయినా గీతలు మారుతూనే ఉన్నాయి. 2001 జనాభా లెక్కల ఆధారంగా 2008లో జరిగిన పునర్విభజనలో కృష్ణగిరి జిల్లాలో కావేరిపట్టణం నియోజకవర్గం పోయి వేపనపల్లి నియోజకవర్గం వచ్చింది. సరిహద్దులు గీసేటప్పుడు ముఖ్యంగా చూసేది జనాభా, భాష కాదు. మదురై, కోయంబత్తూరు జిల్లాలలో వలె తెలుగువారు చెదిరి ఉన్నచోట గీత ఎటు జరిగినా పెద్ద తేడా రాదు. హోసూరు వైపు వలె గుంపుగా ఉన్నచోట మాత్రం పక్కపక్క గ్రామాలు రెండు నియోజకవర్గాల పాలైతే, ఓట్లు తగ్గకపోయినా మాట బలం తగ్గుతుంది. అందుకే పునర్విభజన సంఘం ముందుగా ముసాయిదా ప్రకటించి, ప్రజల అభ్యంతరాలను బహిరంగంగా వింటుంది. ఊరివారు చెప్పుకోవలసినది అప్పుడే చెప్పుకోవాలి. తుది ఉత్తర్వు వెలువడిన తరువాత దానిని న్యాయస్థానంలో ప్రశ్నించడానికి సాధారణంగా వీలుండదు.

ఎన్నికైన సభ్యుడు సభలో ఏ భాషలో మాట్లాడాలన్నదానికి రాజ్యాంగం 210వ అధికరణంలో సమాధానం ఉంది. రాష్ట్ర అధికార భాషలో గాని, హిందీలో గాని, ఇంగ్లీషులో గాని తన భావం సరిగా చెప్పలేని సభ్యుడు మాతృభాషలో మాట్లాడడానికి సభాపతి అనుమతి ఇవ్వవచ్చు. పార్లమెంటులో ప్రమాణ స్వీకారం చేయడానికి తెలుగు మొదలైన భాషలకు అవకాశం ఉంది. హోసూరు ప్రాంతం చేరి ఉన్న కృష్ణగిరి నియోజకవర్గం నుండి 2024లో లోక్‌సభకు ఎన్నికైన సభ్యుడు జూన్ నెలలో తెలుగులోనే ప్రమాణం చేశారు.