ఉగాది సంకల్పము

ఉగాదినాడు వేపపూత పచ్చడి నోట వేసికొని, పంచాంగశ్రవణము చేసి, ఆదాయవ్యయములను లెక్కించుకొనుట మన యిండ్లలో నాచారము. "ఈ యేడైన నిట్లు నడచుకొందును" అని యా దినమున మనసులో ననుకొనని స్త్రీ యుండదు. అనుకొన్నది వైశాఖము వచ్చుసరికి మఱవని స్త్రీయు నరుదు. మేమును వారిలో నొకరమే.

గడచిన యుగాదికి మేము తొమ్మిది నియమములు పెట్టుకొంటిమి. తెల్లవాఱుజామున నడచుట, దినమున కొక సర్గ రామాయణము చదువుట, ఖర్చుల పద్దు వ్రాయుట, పిల్లలపై కోపపడకుండుట మొదలైనవి. నెల తిరుగక మునుపే యన్నియు చెడినవి. మా సోమరితనమునే నిందించుకొంటిమి. జ్యేష్ఠమున నొకనాడు బియ్యము కడుగుచు, కన్నులు చీకట్లు క్రమ్మి కూలబడితిమి. వైద్యురాలు రక్తపరీక్ష చేయించి, హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గరాదనియు, మాకు 8.5 మాత్రమే యున్నదనియు చెప్పి, "ఇంట మీరెవరి తరువాత భుజింతురు?" అని యడిగెను. "అందఱి తరువాత" నని తల వంచుకొంటిమి.

ఇది మా యొక్కరి కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8, తెలంగాణలో 57.6 అని తేలినది. దేశమంతటను 2024లో జరిగిన కాలవినియోగ సర్వేలో, ఇంటిపనులు చేయువారిలో స్త్రీలు దినమునకు సగటున 289 నిమిషములును, పురుషులు 88 నిమిషములును వానికై వెచ్చించుచున్నట్లు కనబడినది.

మంచముపై నున్నప్పుడు, చిన్ననాడు తండ్రిగారివద్ద చదివిన సభాపర్వము జ్ఞప్తికి వచ్చినది. నారదుడు ధర్మరాజును చూడవచ్చి పెక్కు ప్రశ్నలడుగును. ధర్మార్థకామములలో నొకదానిచే మఱియొకటి చెడకుండ, కాలమును విభజించి మూటిని సేవించుచున్నావా యనునది వానిలో నొకటి. రాజ్యమేలువానికైనను, ఇల్లు నడపుదానికైనను సమత్వమనగా కాలవిభాగమే గదా! మేము కాలమును విభజింపక కోరికలను మాత్రమే పెంచుకొంటిమి.

పూజకు ముందు చెప్పు సంకల్పమును తలచుకొనుడు. ఉన్న చోటు చెప్పి, సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము చెప్పి, గోత్రనామములు చెప్పి, ఆ పిదపనే చేయబోవు కార్యమును చెప్పుదురు. ఎప్పుడు, ఎచ్చట, ఎవరు, ఏమి యను నీ నాలుగును లేనిది సంకల్పము కాదు, వట్టి కోరిక.

మావారు బడిపంతులు. వారు కాలపట్టిక వ్రాయు కాగితము నొకదానిని తీసికొని, లేచినది మొదలు పండుకొనువఱకు మేము చేయు పనులతో నింపితిమి. పావుగంటయైన ఖాళీ మిగులలేదు. దానిని వారికి చూపగా, చాలసేపు చూచి, "మా బడిలో పిల్లలకు సైతము విరామపుగంట యున్నదే!" అనిరి. నాటినుండి రాత్రి గిన్నెలు తోముటయు, పిల్లల చదువు చూచుటయు వారి వంతైనవి. అత్తగారు మొదట నొచ్చుకొనిరి. రక్తపరీక్ష కాగితము చదివి వినిపించిన పిమ్మట, "నాకును నీ వయసులో కన్నులు తిరిగెడివి, ఎవరు పరీక్షించిరమ్మా!" అని మాత్ర మనిరి. ఆ మాట మాకు మఱపునకు రాదు.

తొమ్మిదింటిని మూటికి దించితిమి. మొదటిది దేహమునకు. మధ్యాహ్నము 1 గంటకు, ఎవరు తినినను తినకున్నను, పప్పును ఆకుకూరయు నిమ్మరసము పిండుకొని తినుట. వైద్యురాలిచ్చిన మాత్రలు విడువకుండుట. భోజనముతో కాఫీ, టీలు త్రాగకుండుట. ఇనుము దేహమునకు పట్టుటకు నిమ్మపులుపు తోడ్పడును. కాఫీ, టీలు అడ్డుపడును. రెండవది ధనమునకు: శనివారము రాత్రి పది నిమిషములు పద్దు వ్రాయుట. మూడవది మనసునకు: రాత్రి 9 గంటలకు వసారాలో పావుగంట చదువుట. పున్నమ పున్నమకు సరిచూచుకొందుము. తప్పినచో కంటనీరు పెట్టుకొనము, వేళ మార్చుకొందుము.

మార్గశిరమున మరల పరీక్షింపగా 11.4 గ్రాములు వచ్చినది. ఇంకను 12 చేరలేదు. రామాయణ మయోధ్యాకాండము దాటలేదు. పద్దు రెండు వారములు తప్పినది. అయినను బియ్యము కడుగునప్పుడు కన్నులు తిరుగుట లేదు.

సోదరీమణులారా! ఈ యుగాదికి మొదట మీ దినమును కాగితముపై వ్రాయుడు. పిదప మీ కోరికను వ్రాయుడు. ఆ కాగితమును దాచుకొనక యింటివారికి చూపుడు. సంకల్పమున యజమాని పేరు చెప్పి, మనలను ధర్మపత్నీసమేతముగా చేర్చుట వాడుక. ఈ కాగితమున మాత్రము మీ పేరే వ్రాసికొనుడు.